పేపర్లు పదిహేను.. ప్రశ్న ఒక్కటైనా ఉందా?

పరీక్షా ఫలితాల హడావుడి ముగిసి ప్రవేశాలు మొదలయ్యే వేళ జిల్లా పేజీల్లో ఏటా ఒక వార్త కనిపిస్తుంది. ఇంకా డిగ్రీ పూర్తికాని విద్యార్థి, పక్కన ప్రశంసాపత్రాల దొంతర. కృత్రిమ మేధ మీద ఒక పేపరు, నానో పదార్థాల మీద ఒకటి, క్యాన్సర్ నిర్ధారణ మీద మరొకటి, మధ్యలో రెండు పేటెంట్లు. చదివినవారిలో సగంమంది ‘మన పిల్లవాడే’ అని మురిసిపోతారు. మిగతా సగం ‘ఇదంతా నిజమేనా’ అని పెదవి విరుస్తారు. డిగ్రీ చదివే వయసులో నిజమైన పరిశోధన సాధ్యమేనా అన్న సందేహానికి విజ్ఞానశాస్త్ర చరిత్ర ఎప్పుడో జవాబు చెప్పేసింది. సాధ్యమే, చాలాసార్లు జరిగింది కూడా. ఏ పరిస్థితుల్లో జరిగింది, ఆ పరిస్థితులు మన కళాశాలల్లో ఉన్నాయా అన్నవి మాత్రం ఎవరూ అడగరు. నాలుగేళ్ల డిగ్రీలో చివరి ఏడాదిని పరిశోధనకు కేటాయించే విధానం అమల్లోకి వస్తున్న ఈ సమయంలో ఆ ప్రశ్నను దాటవేయడం కుదరదు.

1911లో ఆల్‌ఫ్రెడ్ స్టర్టెవాంట్ న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో డిగ్రీ విద్యార్థి. తండ్రి పొలంలో పెంచే గుర్రాల రంగులు ఒక తరం నుంచి మరో తరానికి ఎలా మారుతున్నాయో రాసిపెట్టుకోవడం చిన్నప్పటి నుంచీ అతని అలవాటు. మెండెల్ సూత్రాలతో ఆ వివరాలను ముడిపెట్టి రాసిన వ్యాసం టి.హెచ్. మోర్గాన్ చేతికి చేరింది. ఆయన దాన్ని ప్రచురణకు పంపించి, తన ‘ఈగల గది’లో ఆ కుర్రవాడికి ఒక బల్ల ఇచ్చారు. 16 అడుగులు, 23 అడుగుల కొలతలున్న ఆ చిన్న గదిలో పాలసీసాల్లో పండ్ల ఈగలను పెంచేవారు. ఒకే క్రోమోజోమ్ మీదున్న జన్యువులు ఎక్కువగా కలిసే సంక్రమిస్తాయని, అప్పుడప్పుడు విడిపోతాయని అప్పటికే తెలుసు. కొన్ని జతలు తరచుగా, కొన్ని అరుదుగా ఎందుకు విడిపోతున్నాయో అంతుపట్టలేదు. మోర్గాన్‌తో మాట్లాడుతుండగా స్టర్టెవాంట్‌కు తట్టింది: ఎక్కువసార్లు విడిపోతున్నాయంటే వాటి మధ్య దూరం ఎక్కువనే కదా! గదిలో పోగుపడిన లెక్కల కాగితాలు ఇంటికి తీసుకెళ్లి, కాలేజీ హోంవర్కు పక్కన పడేసి, దాదాపు రాత్రంతా కూర్చున్నాడు. ప్రపంచంలో మొట్టమొదటి జన్యుపటం ఆ రాత్రి తయారైంది. 1913లో అది అచ్చయింది. మానవ జీనోమ్ పటాల వంశం అక్కడే మొదలవుతుంది.

ఈ కథలో అందరూ కుర్రవాడి మేధను చూస్తారు. నాకు ఆ బల్ల కనిపిస్తుంది. అతడు వాడిన లెక్కల్లో చాలా భాగం ఇతరులు ఈగలను లెక్కబెట్టి పోగుచేసినవి. తేలని చిక్కును అతని ముందు పెట్టింది గురువు. డిగ్రీ కుర్రవాడికి ఇవన్నీ ఎందుకని ఎవరూ అనుకోలేదు. అలాంటి సందర్భాలు ఇంకా ఉన్నాయి. 1916లో జాన్స్ హాప్కిన్స్‌లో జే మెక్లీన్ అనే వైద్య విద్యార్థికి గురువు విలియం హోవెల్ ఒక పని అప్పగించారు: రక్తం గడ్డకట్టించే పదార్థాన్ని శుద్ధిచేయడం. గడ్డకట్టించేదాన్ని వెతుకుతూ అతడు గడ్డకట్టనివ్వని పదార్థం దగ్గర తేలాడు. గుండె శస్త్రచికిత్సల్లో, డయాలసిస్‌లో నేటికీ వాడే హెపారిన్ చరిత్ర ఆ పొరపాటు లాంటి ఫలితంతోనే మొదలైంది. ఘనత గురువుదా, శిష్యుడిదా అన్న తగవు ఆ తర్వాత దశాబ్దాలు నడిచింది, అది వేరే సంగతి. 1928లో జర్మన్ భౌతిక శాస్త్రవేత్త సోమర్‌ఫెల్డ్ మద్రాసు వచ్చినప్పుడు ప్రెసిడెన్సీ కళాశాల విద్యార్థి ఎస్. చంద్రశేఖర్ వెళ్లి కలిశాడు. నువ్వు చదివిన భౌతికశాస్త్రం అప్పుడే పాతబడిందని చెప్పి, ఆ పెద్దాయన ఇంకా అచ్చుకాని తన వ్యాసం ప్రూఫులు చేతిలో పెట్టారు. మరుసటి ఏడాది చంద్రశేఖర్ వ్యాసం లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. అప్పటికి బి.ఎస్సీ. ఆనర్స్ పూర్తికాలేదు. విశాఖపట్నంలో పెరిగి, అక్కడే ఎఫ్.ఏ. దాకా చదివిన సి.వి. రామన్ తొలి పరిశోధన వ్యాసం 1906లో ఇదే ప్రెసిడెన్సీ కళాశాల నుంచి వెళ్లింది. వయసు పద్దెనిమిది.

ఇవి పాతకాలపు ముచ్చట్లని, నేటి విజ్ఞానశాస్త్రం డిగ్రీ పిల్లలకు అందనంత ఎత్తుకు వెళ్లిందని వాదించేవారికి కాన్పూర్ ఐఐటీ ఉదాహరణ చాలు. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అని ఎలాంటి అదృష్టం మీదా, రుజువుకాని ప్రతిపాదన మీదా ఆధారపడకుండా త్వరగా తేల్చే పద్ధతి ఉందా అన్నది గణితంలో చాలాకాలం తెగని ప్రశ్న. మణీంద్ర అగ్రవాల్ 1999లో సోమేనాథ్ బిస్వాస్‌తో కలిసి దీనికి ఒక కొత్త దారి చూపారు. ఆ దారిలోని ఒక చిన్న ముక్కను 2001లో రజత్ భట్టాచార్జీ, ప్రశాంత్ పాండే అనే ఇద్దరు బీటెక్ విద్యార్థులకు ఫైనలియర్ ప్రాజెక్టుగా ఇచ్చారు. వారు కొంత దూరం వెళ్లి, కంప్యూటర్ లెక్కల ఆధారంగా ఒక ఊహను వదిలిపెట్టారు. మరుసటి ఏడాది అదే ప్రశ్నను నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా అందుకున్నారు. బీటెక్ ప్రాజెక్టు నివేదిక సమర్పించాక కూడా వదలకుండా వేసవంతా గురువుతో కూర్చున్నారు. 2002 ఆగస్టులో ఫలితం బయటపడింది. తొమ్మిది పేజీలు. 2004లో ‘యానల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్’లో అచ్చయింది, 2006లో గోడెల్ బహుమతి వచ్చింది. మొదటి ఇద్దరి పేర్లు బహుమతి జాబితాలో ఉండవు. వాళ్ల ప్రాజెక్టు లేకుండా రెండో జత ఎక్కడ మొదలుపెట్టేదో చెప్పడం కష్టం. ఒక బ్యాచ్ వదిలిన చోట మరో బ్యాచ్ అందుకోవడం మన ఇంజినీరింగ్ కళాశాలల్లో ఎంత అరుదో ఆ వృత్తిలో ఉన్నవారికి తెలుసు. మన దగ్గర ఒక బ్యాచ్ ప్రాజెక్టు మరో బ్యాచ్‌కు చేరేది ఎక్కువగా జిరాక్స్ రూపంలోనే.

2018లో అమెరికాలో ఈవిన్ టాంగ్ అనే పద్దెనిమిదేళ్ల విద్యార్థిని పేరు మారుమోగింది. సిఫారసు పద్ధతుల్లో, అంటే మనకు నచ్చే సినిమానో వస్తువునో ఊహించి చూపే లెక్కల్లో, క్వాంటమ్ కంప్యూటర్‌కు ఉందనుకున్న భారీ ఆధిక్యాన్ని ఆమె చెరిపేసింది. గురువు స్కాట్ ఆరన్‌సన్ ఆ ప్రశ్న ఇచ్చింది నిజానికి మామూలు కంప్యూటర్లకు అది చేతకాదని నిరూపించమని. ఆమె చేతనవుతుందని చూపించింది. ప్రశ్న కిందికే కాదు, పైకీ ప్రయాణిస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1940లలో కలకత్తాలో పాఠం చెబుతుండగా వి.ఎం. దాండేకర్ అనే విద్యార్థి లేచి, నమూనా చిన్నదైతే ఈ సూత్రం ఏమవుతుందని అడిగాడు. ఆ రాత్రి నిద్రమానుకుని లెక్క చేసింది గురువు. 1945లో అచ్చయిన ఆ ఫలితాన్ని గణాంకశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ క్రామర్-రావు హద్దు పేరుతో నేర్చుకుంటాడు.

ఈ ఉదంతాలన్నిటిలో ఉన్నది ఒకటే: చెయ్యి తిరిగినవారి దగ్గర నుంచి వచ్చిన, కొలతకు దొరికే, ఇరుకైన ప్రశ్న. దానితో సహవాసం నెలలపాటు, కొన్నిసార్లు ఏళ్లపాటు. ఏడాదికి పదిహేను పేపర్లు రాసేవారికి ఆ సహవాసానికి వ్యవధి ఎక్కడిది?

శాఖల సరిహద్దులు దాటే విషయానికి వద్దాం. వార్తల్లో కనిపించే ‘బహుముఖ ప్రజ్ఞ’ను నేను పూర్తిగా కొట్టిపారేయను. ఏ శాఖలోనూ ఇంకా పాతుకుపోలేదన్నదే డిగ్రీ వయసుకున్న బలం. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు హెర్క్యులేనియంలోని ఒక గ్రంథాలయం బొగ్గుగా మారింది. ఆ పాపిరస్ చుట్టలను విప్పబోతే పొడిపొడి అయిపోతాయి. కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రెంట్ సీల్స్ ఏళ్ల తరబడి వాటిని విప్పకుండానే ఎక్స్‌రే చిత్రాలతో చదివే దారి వెతికారు. 2023లో ఆ చిత్రాలను అందరికీ తెరిచిపెట్టి పోటీ ప్రకటించారు. సిరా ఉన్నచోట పగుళ్ల లాంటి ఒక ఆనవాలు కనిపిస్తోందని ఒకరు గమనించారు. నెబ్రాస్కాలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న ల్యూక్ ఫారిటర్ ఆ ఆనవాలును పట్టుకోవడం తన ప్రోగ్రాముకు నేర్పి, అదే ఏడాది అక్టోబరులో ‘ఊదారంగు’ అనే అర్థమున్న గ్రీకు పదాన్ని బయటకు తీశాడు. 2024 ఫిబ్రవరిలో మరో ఇద్దరితో కలిసి ఏడు లక్షల డాలర్ల బహుమతి గెలిచాడు. కంప్యూటర్ విద్యార్థి, ఎక్స్‌రే భౌతికశాస్త్రం, గ్రీకు పండితులు.. ఈ మూడూ కలవకపోతే ఆ పదం లేదు. ఇక్కడ శాఖలు కలిసింది ఒకే చిక్కు చుట్టూ. ఒక మనిషి బయోడేటాలో ఐదు శాఖల పేర్లు వరుసగా ఉండటం దీనికి సాటిరాదు.

మన దగ్గర పిల్లవాడికి పదిహేనేళ్లు నిండేసరికే ఎంపీసీనా, బైపీసీనా అని తేల్చేస్తాం. ఎంపీసీ తీసుకున్నవాడు ఆ తర్వాత జీవకణం ముఖం చూడడు, బైపీసీ తీసుకున్న అమ్మాయికి కలనగణితం పరాయి భాష అవుతుంది. సీఈసీ, హెచ్ఈసీ వారికి రెండూ లేవు. స్టర్టెవాంట్ చేసిన పని జీవశాస్త్రంలో దూరం కొలవడం, అంటే మన లెక్కలో బైపీసీ ప్రశ్నకు ఎంపీసీ జవాబు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో డిగ్రీకి సింగిల్ మేజర్ పద్ధతి తెచ్చినప్పుడు మూడు సబ్జెక్టుల పాత కలయిక పోవడం మంచిదా చెడ్డదా అని వాదనలు జరిగాయి. లోతు కావాలనడం న్యాయమే. మైనర్ సబ్జెక్టును టైంటేబుల్‌లో ఖాళీ నింపే వ్యవహారంగా చూస్తే మాత్రం ఇంటర్‌లో వేసిన గోడకు డిగ్రీలో సిమెంటు పూసినట్టే.

ఇక లెక్కల జబ్బు. పేటెంట్ల సంగతే చూడండి. మన చట్టం ప్రకారం పేటెంటు దరఖాస్తు పద్దెనిమిది నెలలకు దానంతటదే ప్రచురితమవుతుంది. రుసుము కట్టి ముందే ప్రచురింపజేసుకోవచ్చు కూడా. ఆ దశలో కొత్తదనాన్ని ఎవరూ పరీక్షించరు. పరీక్ష తర్వాత మంజూరు కావడం వేరు. ‘పేటెంటు సాధించిన విద్యార్థి’ అన్న శీర్షిక కింద తరచుగా ఉండేది మొదటి రకమే. జాతీయ ర్యాంకుల వ్యవస్థ ఎన్‌ఐఆర్‌ఎఫ్ కూడా మంజూరైనవాటితో పాటు ప్రచురితమైనవాటినీ లెక్కలోకి తీసుకుంటుంది. విద్యాసంస్థలకు పేటెంటు రుసుములను 2021లో 80 శాతం తగ్గించారు. ఉద్దేశం మంచిదే. సంఖ్యకు మార్కులుండి, ఖర్చు తగ్గితే కళాశాల యాజమాన్యం ఏం చేస్తుందో ఊహించడానికి ఆర్థికశాస్త్రం చదవనక్కర్లేదు. పేపర్లదీ ఇదే దారి. డబ్బు తీసుకుని దేన్నైనా అచ్చువేసే పత్రికలను అరికట్టేందుకు యూజీసీ ‘కేర్’ జాబితా తెచ్చింది, చివరకు దాన్నీ వదిలేసింది. ఫైనలియర్ ప్రాజెక్టులు అమ్మే దుకాణాలు అమీర్‌పేటలో ఎప్పటి నుంచి ఉన్నాయో హైదరాబాద్ ఇంజినీర్లందరికీ తెలుసు. ఇప్పుడు ఆ దుకాణం పనిని చాట్‌బాట్ ఉచితంగా చేసిపెడుతోంది. వాక్యాలు అల్లడం ఇంత తేలికైపోయాక పేపర్ల సంఖ్యను ప్రతిభకు కొలమానంగా ఉంచుకోవడం కిలోల్లో కవిత్వం తూచడం లాంటిదే.

ఈ దారి చివర ఏముంటుందో దక్షిణ కొరియా చూసింది. విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో పరిశోధన అనుభవానికి విలువ ఇవ్వడం మొదలయ్యాక ప్రొఫెసర్లు తమ పిల్లల పేర్లను, స్నేహితుల పిల్లల పేర్లను పేపర్ల మీదికి ఎక్కించారు. 2017 నుంచి అక్కడి విద్యాశాఖ ఇలాంటి పేపర్లను తవ్వితీసింది. 2019లో న్యాయశాఖ మంత్రిగా నియమితుడైన చో కుక్ కుమార్తె హైస్కూలు రోజుల్లో ఒక వైద్య వ్యాసానికి ప్రథమ రచయితగా ఉన్న సంగతి బయటపడింది. ఆ వ్యాసాన్ని పత్రిక ఉపసంహరించుకుంది. మంత్రి నెల రోజులు దాటగానే రాజీనామా చేశారు. వీధుల్లోకి వచ్చిన యువతకు ఆగ్రహం కలిగించింది ఒక్క వ్యాసం కాదు, ల్యాబు తలుపు ఎవరి పిల్లలకు తెరుచుకుంటుందన్న నిజం. అమెరికాలో కూడా ప్రవేశాల కోసం హైస్కూలు పిల్లలకు డబ్బు తీసుకుని ‘పరిశోధన’ చేయించే కంపెనీలు పుట్టుకొచ్చాయి. విదేశీ చదువుల మోజు ఉన్న మన నగరాలకు ఈ వ్యాపారం కొత్తగా నేర్పాల్సిన పని లేదు.

ఇవన్నీ చూసినవారిలో ఒక వర్గం అసలు డిగ్రీలో పరిశోధనే వద్దంటుంది. ముందు పునాది గట్టిపడాలి. టైట్రేషన్ సరిగా చేయలేనివారికి నానో కణాలెందుకు. రికార్డునే సీనియర్ రికార్డు చూసి ఎక్కించే చోట పరిశోధన నివేదిక కూడా అలాగే తయారవుతుంది. ఈ మాటల్లో చాలా నిజముంది. చెప్పేవారిలో నిజాయితీపరులైన అధ్యాపకులే ఎక్కువ. ఎదుటివర్గం అంటుంది: జవాబు ముందే తెలిసిన ప్రయోగాన్ని ఇరవైసార్లు చేయించడం వల్లే కదా రికార్డు ఎక్కించడం అలవాటైంది? ఫలితం ఎవరికీ తెలియనప్పుడు ఎవరి రికార్డు చూసి రాస్తారు?

ఆధారాలు ఏం చెబుతున్నాయి? అనుకున్నంత స్పష్టంగా లేవు. డిగ్రీ పరిశోధన అనుభవాలపై వచ్చిన అరవై అధ్యయనాలను 2015లో ‘సైన్స్’ పత్రికలో మార్షియా లిన్ బృందం సమీక్షించింది. వాటిలో ఎక్కువ భాగం విద్యార్థులు తమ గురించి తామే చెప్పుకున్న మాటల మీద ఆధారపడ్డవేనని తేలింది. ఎంతో నేర్చుకున్నామని అందరూ అంటారు, ఎంత నేర్చుకున్నారో కొలిచినవారు తక్కువ. టెక్సస్ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది నుంచే వందలాది విద్యార్థులను పరిశోధన బృందాల్లో చేర్చే పథకంపై 2016లో వచ్చిన అధ్యయనం కొంత గట్టిది. పథకంలో చేరినవారి, చేరనివారి నేపథ్యాలు సరిపోలేలా చూసి పోల్చారు. మూడు సెమిస్టర్లు పూర్తిచేసినవారిలో 94 శాతం సైన్స్, ఇంజినీరింగ్ శాఖల్లోనే పట్టా అందుకున్నారు, ఇతరుల్లో ఇది 71 శాతం. ఆరేళ్లలోపు పట్టా పొందినవారు ఒకవైపు 83 శాతం, మరోవైపు 66 శాతం. సగటు మార్కుల్లో మాత్రం తేడా రాలేదు. నాకు ఆ చివరి వాక్యం చాలా ముఖ్యమనిపిస్తుంది. పరిశోధన మార్కులు పెంచదు. పిల్లలను చదువులో నిలబెడుతుంది. మార్కులు బాగా వచ్చేవారికే పరిశోధన ఇస్తామనే విధానం ఈ రెండింటినీ తలకిందులు చేస్తోంది.

ఆ విధానం మనదే. యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్లకు 160. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, అంతకు మించి మార్కులు తెచ్చుకున్నవారే నాలుగో ఏడాది ‘పరిశోధనతో ఆనర్స్’ ఎంచుకోగలరు, అందులో 12 క్రెడిట్లు ప్రాజెక్టుకు. అలా పట్టా పొందినవారు పీజీ లేకుండా నేరుగా పీహెచ్‌డీకి వెళ్లవచ్చు. ఇది ఆస్ట్రేలియా నమూనాకు దగ్గరగా ఉంది. అక్కడ మూడేళ్ల తర్వాత ఎంపికైనవారు ఏడాదిపాటు ఆనర్స్ చేసి, సిద్ధాంత వ్యాసం రాసి, ప్రథమశ్రేణి వస్తే పీహెచ్‌డీలోకి అడుగుపెడతారు. తేడా ఏమిటంటే ఆ ఏడాది గడిచేది పనిచేసే ల్యాబులున్న పరిశోధన విశ్వవిద్యాలయంలో. మన దగ్గర మండల కేంద్రంలోని డిగ్రీ కళాశాలలో కూడా కావచ్చు. జర్మనీలో బ్యాచిలర్ పట్టాకు చిన్న సిద్ధాంత వ్యాసం అందరికీ తప్పనిసరి, మార్కుల కోత లేదు. బ్రిటన్‌లో ఆనర్స్ చివరి ఏడాది ప్రాజెక్టు మామూలు సంగతి. ఎంఐటీ 1969లోనే భౌతికశాస్త్ర అధ్యాపకురాలు మార్గరెట్ మెక్‌వికర్ చొరవతో మొదటి ఏడాది పిల్లలకూ ల్యాబు తలుపులు తెరిచింది. అక్కడ పట్టా తీసుకునే ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది ఏదో ఒక దశలో ఆ తలుపు దాటినవారే. పనిచేసినందుకు జీతం తీసుకోవచ్చు, లేదా క్రెడిట్లు తీసుకోవచ్చు. సొంత కళాశాలలో ల్యాబులు లేని పిల్లలు వేసవిలో వేరే విశ్వవిద్యాలయానికి వెళ్లి పనిచేసేందుకు అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ 1987 నుంచి భత్యమిస్తోంది.

ఎంఐటీతో పోలిక పెట్టగానే ‘వాళ్ల డబ్బు వేరు’ అనే మాట వస్తుంది. కాబట్టి అంతకంటే చౌకైన ఉదాహరణ తీసుకుందాం. బ్యాక్టీరియాను తినే వైరస్‌లను ఫేజ్‌లంటారు. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో ఎక్కడపడితే అక్కడ ఉంటాయి. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రాహం హాట్‌ఫుల్ ఆలోచన ఆధారంగా 2008లో మొదలైన కార్యక్రమంలో వందకు పైగా కళాశాలల మొదటి ఏడాది విద్యార్థులు తమ పెరటి మట్టి తెచ్చి, ఫేజ్‌ను వేరుచేసి, పేరు పెట్టి, దాని జన్యుక్రమాన్ని పరిశీలిస్తారు. పద్ధతి అందరికీ ఒకటే. దొరికే ఫేజ్ ఎవరిది వారిదే, అంతకుముందు ప్రపంచంలో ఎవరూ చూడనిది. ఆ కోవలోనే 2010లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఓ విద్యార్థిని కుళ్లిపోతున్న వంకాయ అడుగు నుంచి ఒక ఫేజ్‌ను వేరుచేసి ‘మడ్డీ’ అని పేరు పెట్టింది. ఎనిమిదేళ్ల తర్వాత లండన్‌లో ఊపిరితిత్తులు మార్పిడి చేయించుకున్న ఒక బాలికకు ఏ యాంటీబయాటిక్‌కూ లొంగని ఇన్‌ఫెక్షన్ ముదిరింది. పదివేలకు పైగా ఫేజ్‌లున్న హాట్‌ఫుల్ సేకరణను జల్లెడపడితే ఆమె శరీరంలోని బ్యాక్టీరియాను సమర్థంగా చంపగలిగినవి మూడే దొరికాయి. రెండింటిని జన్యుమార్పిడితో సరిచేయాల్సి వచ్చింది. మడ్డీని ఉన్నదున్నట్టుగా వాడారు. ఆ బాలిక కోలుకుని ఇంటికి వెళ్లింది. వైద్యంలో ఇది 2019 నాటి సంచలనం. డర్బన్ విద్యార్థినికి 75 శాతం మార్కులున్నాయో లేదో ఆ వంకాయ అడగలేదు.

మన దగ్గర ప్రయత్నాలే లేవనడం అన్యాయం. 1999లో మొదలైన కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజన రెండు దశాబ్దాలకు పైగా నడిచి, 2022లో ఇన్‌స్పైర్ పథకంలో కలిసిపోయింది. ఇన్‌స్పైర్ విద్యార్థులకు ఏటా ఇచ్చే 80 వేలల్లో 20 వేలు వేసవి పరిశోధనకే. మూడు జాతీయ సైన్స్ అకాడమీలు వేసవి ఫెలోషిప్‌లు ఇస్తున్నాయి. ఐసర్‌లు, బెంగళూరు ఐఐఎస్సీ నాలుగేళ్ల కోర్సు పరిశోధనను డిగ్రీ మధ్యలోకి తెచ్చాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ బీటెక్‌తో పాటు పరిశోధన ఎంఎస్ కలిపి ఇచ్చే ఐదేళ్ల కోర్సును ఏళ్లుగా నడుపుతోంది. 2010 జులై 12న పీఎస్‌ఎల్‌వీ-సి15 శ్రీహరికోట నుంచి మోసుకెళ్లిన ‘స్టూడ్‌శాట్’ కిలో బరువైనా లేదు. దాన్ని తయారుచేసింది కర్ణాటక, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లకు చెందిన ఏడు ఇంజినీరింగ్ కళాశాలల డిగ్రీ విద్యార్థులు. వీటన్నిటి అసలు లోపం పరిమాణంలోనే ఉంది. 2021-22 అఖిల భారత సర్వే ప్రకారం ఉన్నత విద్యలో ఉన్న 4.33 కోట్ల మందిలో దాదాపు 79 శాతం డిగ్రీ స్థాయి వారే. పథకాల వల విసిరేది మాత్రం బోర్డు పరీక్షల్లో పైవరుసలో ఉన్న పిడికెడు మందికి. వల బయట ఉన్నవారికి దొరికేది రికార్డు పుస్తకం.

ప్రశ్న ఇవ్వాల్సిన మనిషి దగ్గరే సమస్య ముడిపడి ఉంది. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో పాఠాల భారంలో పెద్ద వాటా గెస్టు, కాంట్రాక్టు లెక్చరర్లది. గంటల లెక్కన చెల్లింపు అందుకునే వ్యక్తిని రెండేళ్లపాటు ఒక ప్రశ్న వెంట నడవమని ఏ నోటితో అడుగుతాం? రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు యూజీసీ నిబంధనల ప్రకారం వారానికి పదహారు గంటల బోధన. అందులో డిగ్రీ విద్యార్థి ప్రాజెక్టు నడిపించడాన్ని గంటలుగా లెక్కించకపోతే అది సాయంత్రం ఆరు తర్వాత చేసే సేవగానే మిగులుతుంది. డబ్బు మరో కోణం. పరిశోధనపై దేశం ఖర్చు జీడీపీలో 0.64 శాతం దగ్గర ఆగింది, దక్షిణ కొరియాది 4 శాతం పైన. 2023 చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్‌కు ఐదేళ్లలో 50 వేల కోట్లు సమకూర్చాలన్నది ప్రకటిత లక్ష్యం. అందులో పెద్ద వాటా పరిశ్రమలు, దాతల నుంచి రావాలి. అలా వచ్చే సొమ్ము చిన్న కళాశాలల రసాయనశాస్త్ర ల్యాబు దాకా రావాలంటే ఎవరైనా పట్టుబట్టి అడగాలి. ఆంధ్రప్రదేశ్ 2020-21లో డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసినప్పుడు ఆ నెలల్లో ఎంత భాగం నిజమైన పనికి, ఎంత భాగం సర్టిఫికెట్ల వేటకు పోయిందో ఒక్కసారి లెక్కతీస్తే నాలుగో ఏడాది పరిశోధన ఎలా ఉండబోతోందో కొంత ముందే తెలుస్తుంది.

అందుకే నా సూచన నాలుగో ఏడాది గురించి కాదు, మొదటి ఏడాది గురించి. పదిమంది మెరికలకు ప్రత్యేక ల్యాబు పెట్టే బదులు యాభై కళాశాలలకు ఒకే ఉమ్మడి ప్రశ్న ఇవ్వాలి. మన నేల మీద అలాంటి ప్రశ్నలకు కొదవ లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని మొదటిసారి శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. నల్గొండ పేరు ఆ తర్వాత ఫ్లోరైడ్ తొలగించే ఒక పద్ధతికే పేరైంది. తొంభై ఏళ్లు కావస్తున్నా ఏ బావిలో ఏ నెలలో ఎంత ఫ్లోరైడ్ ఉంటుంది, వానలకు ముందు ఎంత, తర్వాత ఎంత, బోరు లోతు పెరిగితే ఏమవుతుంది అన్న లెక్క ఊరూరా, ఏటేటా లేదు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. తేల్చడం డిగ్రీ పిల్లల పని కాదు, కాకూడదు కూడా. నీళ్ల వివరాలను ఒకే పద్ధతిలో పదేళ్లపాటు పోగుచేసిపెట్టడం మాత్రం వారి చేతిలో ఉన్న పనే. నీటిలో ఫ్లోరైడ్ కొలవడానికి కావాల్సింది ఒక మామూలు కలరీమీటరు, రసాయనాలు, తప్పుచేస్తే పట్టుకునే అధ్యాపకుడు. నమూనాల్లో పదోవంతును పెద్ద సంస్థ ల్యాబులో మళ్లీ పరీక్షిస్తే ఎవరి అంకె నమ్మదగిందో తెలిసిపోతుంది. రసాయనశాస్త్ర విద్యార్థి కొలిచినదాన్ని గణాంకాల విద్యార్థి విశ్లేషించాలి, భూగర్భశాస్త్రం చదివేవారు రాయి సంగతి చెప్పాలి, ఆ ఊరి ముసలివాళ్లను అడిగి పాతబావుల జాడ రాయాల్సింది చరిత్ర, తెలుగు సాహిత్యం చదివేవారు. శాఖలు కలవడమంటే నా దృష్టిలో ఇదే.

దీనికి తోడుగా రెండు చిన్న మార్పులు చాలు. ప్రతి విద్యార్థి పరిశోధన నివేదిక మొదటి పేజీలో ఎవరు ఏం చేశారో విడివిడిగా రాయాలి. ప్రశ్న ఎవరిది, కొలతలు ఎవరివి, రాత ఎవరిది అని. పెద్ద పత్రికలు పద్నాలుగు రకాల పాత్రలతో ఇప్పటికే ఈ పని చేయిస్తున్నాయి. రెండోది, ర్యాంకుల లెక్కలో ప్రచురిత పేటెంట్లను తీసేసి మంజూరైనవే ఉంచాలి. ఈ రెండూ జరిగిన మరుసటి ఏడాది జిల్లా పేజీల్లో ప్రశంసాపత్రాల దొంతర ఎంత పలచబడుతుందో చూడాలి. వానాకాలం సెమిస్టరు మొదలయ్యేది జులైలో. అప్పటికే చాలాచోట్ల మొదటి వానలు పడి ఉంటాయి. వానకు ముందు నీళ్ల నమూనా కావాలంటే సీసాలు మే నెలాఖరుకే ఊళ్లకు చేరాలి, వాటి మీద తేదీ, బావి పేరు, నీళ్లు తోడినవారి పేరు రాయడం ఎలాగో అంతకుముందే ఎవరో ఒకరు నేర్పి ఉండాలి.